వాగ్దానాల చేట

నేను ఒక చేటను. ఇప్పుడు నా ఒళ్ళో బియ్యం ఉన్నాయి. ఫీబమ్మగారు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, నన్ను తొడల మీద పెట్టుకుని రాళ్ళు ఏరుతున్నారు. బియ్యాన్ని వేళ్ళతో కొద్దికొద్దిగా నా అంచు వైపు జరుపుతారు. తెల్లగా లేనిది కనపడితే తీసి వాకిట్లోకి విసురుతారు. అది పడిన చోటికి కోడిపెట్ట పరుగెత్తుతుంది, ముక్కుతో పొడిచి చూస్తుంది, రాయని తెలుసుకుని తిరిగి వస్తుంది. ప్రతి రాయికీ అదే పరుగు. నమ్మకం అంటే ఏమిటో ఈ ఉదయం చర్చిలో అయ్యగారు గంటసేపు చెప్పారు. ఈ కోడిని ఒకసారి చూపించి ఉంటే కొంత సమయం కలిసి వచ్చేది.

ఇవాళ జనవరి ఒకటో తారీకు. ఈ బియ్యం సాయంత్రం సంఘమంతా కలిసి తినే భోజనానికి. ఉదయం నా ఒళ్ళో బియ్యం లేవు, వాగ్దానాలు ఉన్నాయి. ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. తొందరేమీ లేదు. గేటు తీసుకుని మా సంఘంలో ముసలావిడ తవిటమ్మ లోపలికి వచ్చి నిలబడింది. ఆవిడ చేతిలో చిన్న మూట ఉంది. ఆవిడ ఏదో అడగడానికి వచ్చింది. అది అడగడానికి ముందు ఎండ గురించి, గోంగూర గురించి, అయ్యగారి దగ్గు గురించి మాట్లాడుతుంది. ఈలోపు నా కథ చెప్పేస్తాను.

నన్ను అల్లింది మేదర పైడమ్మ. కొండ మీద నుంచి దిగిన వెదురుని నిలువునా చీల్చి, బద్దలు తీసి, కత్తితో గీసి నునుపు చేసి, నీళ్ళు చల్లి మెత్తబరిచింది. అల్లుతున్నంతసేపూ కోడలిని తిట్టింది. కోడలు పక్కనే కూర్చుని బుట్ట అల్లుతూ ఆ తిట్లన్నీ వింది. ఇద్దరి చేతులూ ఒక్కసారి కూడా తప్పలేదు. మనుషుల నోరు ఒక పని చేస్తుంటే చేతులు ఇంకో పని చేయగలవని నేను పుడుతూనే నేర్చుకున్నాను.

చేటకి మూడు వైపులే గోడ ఉంటుంది. నాలుగో వైపు తెరిచి ఉండాలి. పోవలసింది అటు నుంచే పోతుంది. పొట్టు పోతుంది, దుమ్ము పోతుంది, చెరిగే మనిషికి చేతివాటం లేకపోతే బియ్యం కూడా పోతాయి. చెరిగేటప్పుడు గింజలన్నిటినీ ఒక్కసారి గాలిలోకి ఎగరేస్తాం. మళ్ళీ ఎక్కడ పడతామో గింజకి తెలియదు. చెప్పే వీలు నాకు లేదు.

సంతలో ఫీబమ్మగారు నన్ను అటూ ఇటూ తిప్పి, ఎండకి అడ్డంగా పెట్టి సందులు చూసి, బేరం మొదలుపెట్టారు. ఆవిడ గోదావరి వైపు మనిషి. భర్త తీతు అయ్యగారిని ఈ విజయనగరం పక్క ఊరి సంఘానికి పంపితే ఆయన వెంట వచ్చారు. బేరంలో ఒక మెట్టు దగ్గర, ఇది దేవుడి సేవకుల ఇంటికమ్మా అన్నారు.

"దేవుడికైతే నాను ఉట్టినే ఇస్తాను. ఆయన్ని వచ్చి అడగమను," అంది పైడమ్మ.

ఫీబమ్మగారు నవ్వారు. అడిగినంతా ఇచ్చి నన్ను చంకలో పెట్టుకున్నారు.

కొత్త చేటకి సందులుంటాయి, నూకలు జారిపోతాయి. అందుకని పాత కాగితాలు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రుబ్బి, ఆ ముద్దని రెండు పక్కలా పూసి ఎండబెడతారు. సందులు పూడుకుంటాయి. మెంతుల చేదుకి పురుగు పట్టదు. ఏడాది తిరిగేసరికి పూత పెచ్చులూడుతుంది, మళ్ళీ పూయాలి. నా మొదటి పూత ఫీబమ్మగారి పిల్లల పరీక్ష కాగితాలతో జరిగింది. నలుగురు పిల్లలు, లెక్కల్లో నలుగురూ ఒక్కలాంటి వాళ్ళే. వాళ్ళ తప్పులన్నీ నా ఒంట్లో భద్రంగా ఉన్నాయి.

ఇక వాగ్దానాలు. ఈ సంఘంలో కొత్త సంవత్సరం మొదటి రోజు ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి ఒక్కొక్క చిన్న అట్టముక్క తీసుకుంటారు. దాని మీద బైబిలులోని ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికి ఇచ్చిన మాట అది. కళ్ళు మూసుకుని తీయాలి. ఒకసారి తీసింది మార్చుకోకూడదు. రాలేని వాళ్ళ కోసం ఇంటివాళ్ళు తీసుకెళ్ళొచ్చు. ముందు వీటిని ఇత్తడి పళ్ళెంలో పెట్టేవారు. ఒక ఏడాది ఆ పళ్ళెం ఎవరి పెళ్ళికో వెళ్ళి వేళకి తిరిగి రాలేదు. ఫీబమ్మగారు వంటింట్లోకి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న నన్ను దించి, చీర కొంగుతో తుడిచి పట్టుకొచ్చారు. మరుసటి ఏడాది పళ్ళెం పెడితే జనం ఒప్పుకోలేదు. చేటలోంచి తీసిన వాగ్దానాలు బాగా నెరవేరాయట. ఆ ఏడు వానలు సరిగ్గా పడిన మాట నిజమే. దానికీ నాకూ సంబంధం లేదు.

అయ్యగారు ప్రతి ఏటా ముందుగానే చెబుతారు. ఇది చిలక జోస్యం కాదు, ఏ వాక్యమైనా అందరిదీ, మీకు వచ్చిన మాట వెనక ఉన్న దేవుణ్ణి నమ్మండి, అట్టముక్కని కాదు. జనం తలలు ఊపి, వరసలో ముందుకొచ్చి, చిలక జోస్యం దగ్గర ఎలా చేస్తారో అలాగే చేస్తారు. కిరాణా కొట్టు ఏలీయా కళ్ళు మూసుకుని వేళ్ళతో అన్నిటినీ తడిమి, ఏది మందంగా ఉంటే అది తీస్తాడు. బడి పంతులమ్మ పైనున్నది తీసి, ఇదంతా నాకు పట్టదన్నట్టు చూడకుండానే సంచిలో వేసుకుంటుంది. తలుపు దాటకముందే తీసి చదువుతుంది. ధనం, దీవెన అని వచ్చిన వాళ్ళు పక్కవాళ్ళకి చూపిస్తారు. ఓర్పు, శ్రమ అని వచ్చిన వాళ్ళు మడిచి జేబులో పెట్టుకుంటారు. ఓర్పు వచ్చిన ముసలాయన ఒకాయన అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఇది పోయినేడు కూడా ఇచ్చారండి, అన్నాడు.

అట్టముక్కలు మనుషుల కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. మిగిలినవాటిని ఏం చేయాలన్నది మొదటి ఏడాది పెద్ద ప్రశ్న అయింది. దేవుడి మాట, పారేయకూడదు. పొయ్యిలో పెట్టకూడదు. వచ్చే ఏడాదికి దాచితే, పాత వాగ్దానాలు ఇచ్చారని సణుగుతారు. పెద్దలు చాలాసేపు ఆలోచించి, అయ్యగారు ప్రార్థన చేసి చెబుతారని తేల్చి వెళ్ళిపోయారు. అయ్యగారు ప్రార్థన చేస్తుండగానే ఫీబమ్మగారు వాటిని కుండలో వేసి నీళ్ళు పోశారు. మూడో రోజు మెంతులతో కలిపి రుబ్బి నాకు పూశారు. అప్పటి నుంచి ఏటా అంతే. ఎవరి చేతికీ రాని వాగ్దానాలన్నీ నా మీదకి చేరాయి. ఆవిడ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు.

తవిటమ్మ కోడలు కెజియా ఈ ఊరికి వచ్చిన ఏడాది నాకు గుర్తుంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మాటకి ముందు ఒక క్షణం ఆగుతుంది. భర్త రూబేను విశాఖపట్నంలో కట్టడాల పని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. ఆ జనవరి ఒకటిన ఆమె వరసలో వచ్చి ఒక అట్టముక్క తీసి, కదలకుండా అక్కడే నిలబడింది.

"ఇంకోటి తియ్యమ్మా. రెండో ప్రాణం ఉంది కదా," అన్నారు ఫీబమ్మగారు.

కెజియా సిగ్గుపడి ఇంకోటి తీసింది. కడుపులో ఉన్నవాళ్ళకి కూడా వాగ్దానం ఉంటుందా అని పెద్దల్లో ఒకాయన అడిగితే, వాళ్ళకే కదండీ ముందుండాలి అన్నారు అయ్యగారు. ఆ మాట అందరికీ నచ్చింది.

ఆ బిడ్డ చచ్చి పుట్టింది.

కొన్ని వారాల తరువాత నేను నూకలు చెరుగుతున్న వేళ కెజియా వచ్చింది. బిడ్డ కోసం తీసిన అట్టముక్కని నా ఒళ్ళో, నూకల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఫీబమ్మగారు దాన్ని తీసి తుడిచి, పూతకి ఉంచిన కాగితాల్లో కలిపారు.

మరుసటి ఏడాది కూడా ఆమె రెండు తీసింది. అప్పుడు పుట్టిన బిడ్డ ఏడుపు బాగా వినిపించిందనీ, గట్టి గుంట, నిలిచే పిల్ల అనీ ఊళ్ళో అనుకున్నారు. వారం నిండకుండానే పోయింది. ఆ అట్టముక్క కూడా నా ఒళ్ళోకే తిరిగి వచ్చింది. రెండుసార్లూ ఫీబమ్మగారు ఆ ఇంటికి వెళ్ళారు. అక్కడ ఏం మాట్లాడారో, అసలు మాట్లాడారో లేదో నాకు తెలియదు. అలాంటి ఇళ్ళకి చేటలని తీసుకెళ్ళరు. తిరిగి వచ్చిన రోజు మాత్రం ఆవిడ రాళ్ళు ఏరకుండానే వండారు. అన్నం తింటూ అయ్యగారు రాయి కొరికి, దాన్ని తీసి పక్కన పెట్టారు.

ఆ తరువాతి జనవరి ఒకటికి కెజియా రాలేదు. ఇవాళ ఉదయం కూడా రాలేదు. క్రిస్మస్‌కి ముందు ఆమెకి మళ్ళీ ఆడపిల్ల పుట్టిందని మాత్రం అందరికీ తెలుసు. అందరూ కొంచెం మెల్లగా చెప్పుకున్నారు.

ఇంతవరకూ చెప్పేసరికి తవిటమ్మ ఎండనీ, గోంగూరనీ, దగ్గునీ పూర్తి చేసింది.

"అమ్మగారూ, ఆ సేట ఖాళీయేనా?"

"ఒళ్ళో బియ్యం కనపడటం లేదా?"

"బియ్యం అయినాకే."

"ఏం చెరుగుతావు?"

"సెరగడానికి కాదు," అని తవిటమ్మ మూట అరుగు మీద పెట్టి ముడి విప్పింది. లోపల తవుడు ఉంది.

ఫీబమ్మగారి చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. ఈ ఊరికి వచ్చి చాలా ఏళ్ళయింది. మళ్ళీ అడగవలసిన పని లేదు.

ఈ పక్క ఊళ్ళలో పాత ఆచారం ఒకటుంది. వరసగా బిడ్డలు పోయిన తల్లికి మళ్ళీ బిడ్డ పుడితే, ఆ పసిగుడ్డుని వేరే ఇంటి చేటలో పడుకోబెడతారు. పిల్లలు నిలిచిన తల్లి ఒకామె గుప్పెడు తవుడు ఇచ్చి బిడ్డని కొని, చేటలోంచి ఎత్తుకుంటుంది. అప్పటికి ఆ బిడ్డ ఆమెదైపోయినట్టు. కన్నతల్లి పరాయి బిడ్డని పెంచినట్టు పెంచుకోవాలి. తవుడికి అమ్ముడుపోయిన దాన్ని చావు కూడా లెక్కచేయదని నమ్మకం. ఒక్కటే నియమం, చేటలో పెట్టాక కొన్న మనిషి ఎత్తేదాకా తల్లి గాని ఆ ఇంటివాళ్ళు గాని చెయ్యి వేయకూడదు. వేస్తే బేరం చెడిపోతుంది. అలా బతికిన మనుషులు ఈ ఊళ్ళో కొందరున్నారు, పేర్లు చూస్తే తెలిసిపోతుంది. తవిటమ్మ పేరు కూడా అలా వచ్చిందే. బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఆవిడకి సలోమి అని పెట్టారు. ఆ పేరుతో అయ్యగారు ఒక్కరే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా ఆవిడ వెనక ఎవరున్నారా అని చూస్తుంది.

"మీ నలుగురు పిల్లలూ నిలిచినారు. మీరు కొంటే మంచిదని," అంది తవిటమ్మ. "మీ ఇంట్లో తవుడుండదని నానే తెచ్చినాను."

"నేను అయ్యగారి భార్యని తవిటమ్మా."

"తెలుసు. అందుకే సాటుగా మజ్జానం వచ్చినాను."

"నీకు దేవుడి మీద నమ్మకం లేదా?"

"నాకున్నాది. నా గురించి కాదమ్మా." తవిటమ్మ అరుగు అంచున కూర్చుంది. గొంతు తగ్గించింది. "మా కోడలు గుంటని ఎత్తుకోటం నేదు. పాలిస్తాది, పక్కన పెట్టేస్తాది. మొహం సూడదు. రేతిరి ఏడిస్తే నానే ఎత్తుకోవాల. పేరెట్టమంటే ఊరుకుంటాది. పేరెడితే పిలవాలి కదా. నాది కాదనుకుంటే అయినా ఎత్తుకుంటాదని నా ఆశ. అంతకి మించి నాకేటి తెలీదు."

ఫీబమ్మగారు గేటు వైపు చూశారు. బయట మునగచెట్టు కింద కెజియా నిలబడి ఉంది. ఇంకా పచ్చి బాలింత, చెవులకి గుడ్డ కట్టుకుని ఉంది. బిడ్డ ఆమె చేతుల్లో లేదు. పాత చీరలో చుట్టిన ఒక చిన్న పొట్లం పక్కన గోడ అరుగు మీద ఉంది, మనుషులు బస్సు కోసం నిలబడినప్పుడు సంచి పక్కన పెట్టుకున్నట్టు.

ఫీబమ్మగారు లేచారు. నా ఒళ్ళో బియ్యాన్ని గోనెపట్టా మీద పోశారు. ఏరినవీ ఏరనివీ కలిసిపోయాయి. నన్ను అరుగు మీద పెట్టి, "లోపలికి రమ్మను. ఎండలో నిలబెట్టావేం," అన్నారు.

తవిటమ్మ వెళ్ళి పొట్లం తీసుకొచ్చింది. కెజియా వెనకే వచ్చింది. బిడ్డని నా ఒళ్ళో పడుకోబెట్టారు. నేను చాలా బరువులు మోశాను, కొలతలు నాకు తెలుసు. ఈ బరువు సేరుకి ఎక్కువ, మానికకి ఎక్కువ, అయినా ఆ లెక్కలో చెప్పేది కాదు. వెచ్చగా ఉంది. కాలు ఒకటి నా గోడకి తన్నింది. మెంతుల వాసనకి కాబోలు ముక్కు ముడిచింది.

సరిగ్గా అప్పుడే అయ్యగారు వచ్చారు. మంచాన ఉన్న ముసలావిడ ఎవరికో వాగ్దానం ఇచ్చి, ప్రార్థన చేసి వస్తున్నారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. అరుగు మీద చేట, చేటలో బిడ్డ, పక్కన తవుడు. ఆయనకీ ఈ ఊళ్ళో అన్నేళ్ళూ అయ్యాయి.

"సలోమమ్మా, ఏంటిది?" అన్నారు.

తవిటమ్మ వెనక్కి చూసి, మళ్ళీ తిరిగి, "కోపం సెయ్యకు బాబూ," అంది.

"ఉదయమే కదా చెప్పాను. కష్టంలో దేవుణ్ణి పట్టుకోవాలని. కొత్త సంవత్సరం మొదటి రోజు సేవకుడి అరుగు మీదే ఇలా చేస్తే రేపు జనానికి ఏం చెప్పను?"

"జనానికి నువ్వు సెప్పేది నువ్వు సెప్పు బాబూ. నన్ను మాయమ్మ తవుడికి అమ్మింది. నాకు ముందు ఎందరు పోయారో మాయమ్మ సెప్పేది కాదు. నాను బతికినాను. బతికినాకే నీ దేవుడు నాకు దొరికినాడు. సచ్చిపోయుంటే ఎవర్ని నమ్ముదును?"

అయ్యగారు కండువాతో మెడ తుడుచుకున్నారు. ఆయన మంచి ప్రసంగీకుడు. ప్రసంగంలో ఎదురు ప్రశ్నలు ఉండవు.

అప్పుడు కెజియా మాట్లాడింది. ఎవరి వైపూ చూడలేదు. నా వైపు చూసింది, బిడ్డ వైపు కాదు, నా అంచు వైపు.

"అయ్యగారూ, రెండుసార్లు నమ్మినాను. ఆ రెండుసార్లూ సంపూర్ణంగానే నమ్మినాను. ఇప్పుడు ఇది కూడా పోతే?"

అలాంటి ప్రశ్న అడిగినప్పుడు మనుషులు చేతులకి ఏదో పని వెతుక్కుంటారు. అయ్యగారి చేతులకి దొరికింది అరుగు మూలనున్న పూత కుండ. ఉదయం మిగిలిన అట్టముక్కలు అందులో నానుతున్నాయి. ఆయనకి ఒక మంచి ఆలోచన వచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, కుండలో చెయ్యి పెట్టి, పైనుంచి కాకుండా మధ్యలోంచి ఒకటి తీశారు. కళ్ళు కూడా మూసుకున్నారు.

"ఇది తీసుకోమ్మా. ఈ బిడ్డ కోసం. నువ్వు ఉదయం రాలేదు కదా. ఇది దీని కోసమే మిగిలి ఉంది," అన్నారు.

ఆమె చెయ్యి చాచేలోపే అట్ట ఆయన వేళ్ళ మధ్య రెండుగా విడిపోయింది. ఒక ముక్క నేల మీద పడింది. రెండో ముక్క మీద అక్షరాలు వేలికి అంటుకుని సిరామరకగా మిగిలాయి. అయ్యగారు ఆ వేలిని చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా మిగిలినవి ఏమవుతున్నాయో ఆయన ఎప్పుడూ అడగలేదు.

"నీళ్ళలో ఎందుకు వేశావు ఫీబా?"

"చేటకి పూయడానికండి."

"వాగ్దానాలనా?"

"మరేం చేయను? పారెయ్యకూడదన్నారు, కాల్చకూడదన్నారు. ఏటా దీనికే పూస్తున్నాను." ఫీబమ్మగారు నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. నా గోడ మీద పెచ్చు లేచిన చోట వేలితో తడిమారు. కెజియాతో అన్నారు, "నువ్వు తిరిగి తెచ్చి ఇచ్చావే, అవి రెండూ కూడా ఇందులోనే ఉన్నాయమ్మా."

కెజియా నా మీదకి వంగింది. పూతలో ఆమె ఏం చూసిందో నాకు తెలియదు. చూడటానికి ఏమీ ఉండదు. గోధుమరంగు, అక్కడక్కడా మెంతి తొక్కలు, అంతే. ఏది ఎవరి వాగ్దానమో నాకే తెలియదు.

"ఎందుకుంచారు?" అంది. "అవి జరగనేదు కదా."

"జరగలేదు," అన్నారు ఫీబమ్మగారు. "ఎందుకు జరగలేదో నాకు తెలీదు. అయ్యగారికీ తెలీదు. ఇదైనా ఉంటుందో లేదో నాకు తెలీదమ్మా. ఉండాలని నేను అడుగుతున్నాను, పొద్దునా సాయంత్రం అడుగుతున్నాను. పోతే నేను మళ్ళీ వస్తాను. ఆ రెండుసార్లూ వచ్చి కూర్చున్నాను కదా. అలాగే వస్తాను."

కోడి అరుగెక్కి గోనెపట్టా మీది బియ్యం వైపు నడిచింది. దాన్ని తోలవలసింది ఫీబమ్మగారు, ఆవిడ చూడలేదు. బిడ్డ మూలగడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా, తరువాత కోపంగా. కాళ్ళు రెండూ కలిపి తన్నుతుంటే నేను అరుగు మీద కొద్దిగా ఊగాను. ఎత్తుకోవలసిన మనుషులు నలుగురున్నారు. ఒకావిడ నాయనమ్మ, బేరం అయ్యేదాకా ఎత్తకూడదు. ఒకావిడ అయ్యగారి భార్య. ఒకాయన అయ్యగారు. నాలుగో ఆమె తల్లి.

అయ్యగారు తడి చేతిని కండువాకి తుడుచుకున్నారు. నేల మీది ముక్కని వంగి తీసి, మళ్ళీ కుండలో వేశారు. తరువాత తలెత్తకుండానే అన్నారు.

"తవిటమ్మా, ఆ తవుడు ఇలా ఇవ్వు."

ఆ పేరుతో ఆయన పిలవడం అదే మొదటిసారి. ఆవిడ వెనక్కి చూడలేదు. మూట ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక గుప్పెడు తీసి భార్య చేతిలో పోశారు.

"కొను ఫీబా. రేపు జనానికి నేను చెప్పుకుంటాను. దేవుడికి కూడా నేనే చెప్పుకుంటాను."

నేను ఆయన్ని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. ఉదయం ప్రసంగంలో ఆయన గొంతు గట్టిగా ఉంది. ఈ మాట అన్నప్పుడు సరిగ్గా వినిపించలేదు. ఏది ఎక్కువ నమ్మకంతో అన్నారో తేల్చడం చేట పని కాదు.

ఫీబమ్మగారు గుప్పిట్లో తవుడుతో కెజియా వైపు తిరిగారు. వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెం కారుతోంది. తవిటమ్మ పైట సరిచేసుకుని, మాట ఎలా మొదలుపెట్టాలో చెప్పింది. బిడ్డ ఎవరిదని అడగాలట. అమ్ముతావా అని అడగాలట. తల్లి అవునన్నాక తవుడు ఆమె దోసిట్లో పోయాలట.

"ఈ బిడ్డ ఎవరిదమ్మా?" అన్నారు ఫీబమ్మగారు.

కెజియా ఎప్పటిలాగే మాటకి ముందు ఒక క్షణం ఆగింది. బిడ్డ ఏడుపు పెద్దదయింది. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టింది, పసిపిల్లలు చేసే పనే అది, కాని ఆ నిశ్శబ్దం కాస్త పొడుగ్గా ఉంది. కెజియా రెండు చేతులూ చాచింది. దోసిలి పట్టడానికి అనుకున్నారు అందరూ. ఫీబమ్మగారు తవుడు పోయడానికి గుప్పిట విప్పారు.

ఆ చేతులు దోసిలి కాలేదు. కిందికి వచ్చాయి. ఒకటి బిడ్డ మెడ కింద, ఒకటి నడుము కింద దూరాయి. నా ఒళ్ళు ఒక్కసారిగా తేలికైంది. తవుడు ఖాళీ చేటలో పడింది.

"ఓలమ్మ, నువ్వెత్తేసినావా," అంది తవిటమ్మ. "ఇంక బేరం నేదు. సెడిపోనాది."

కెజియా వినలేదు. బిడ్డని భుజానికి కాదు, మొహానికి ఎదురుగా పట్టుకుంది. చీర మడతని వేలితో తప్పించింది. నుదురు చూసింది, చెవి చూసింది, పిడికిలి విప్పి లోపల చూసింది, చేటలో బియ్యం చూసినంత ఓపికగా. బిడ్డ ఊపిరి తీసి, మళ్ళీ గట్టిగా ఏడ్చింది. కెజియా దాన్ని ఎదకి హత్తుకుని చెవులకి కట్టుకున్న గుడ్డ విప్పి దాని తల మీద కప్పింది.

తవిటమ్మ మూటలో మిగిలిన తవుడు చూసుకుంది. కళ్ళు తుడుచుకుని, దాన్ని వాకిట్లోకి పోసింది. కోడి బియ్యం వదిలి పరుగెత్తింది. పొడిచి చూసింది. ఈసారి రాయి కాదు.

కెజియా అరుగు దిగింది. అయ్యగారు ప్రార్థన కోసం సగం ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఫీబమ్మగారు తవుడు అంటిన అరచేతిని నా అంచు మీద ఆనించారు. కెజియా కోడికి దారి ఇచ్చి, మునగచెట్టు నీడ దాటి, భుజంతో గేటు తోసుకుని వెళ్ళిపోయింది.